సూర్యుడు ఒడ్డు వైపు ఉన్నాడు

పడవ తూర్పుకు ఒరిగింది. సూర్యుడు అప్పుడు పడమట, ఒడ్డు మీది సరుగుడు తోటల వెనక్కి దిగుతున్నాడు.

ఆ పడవలో ఉన్నవాళ్లు బహదూర్‌పల్లిలోని ఒక కాలనీ నుంచి సముద్రం చూడటానికి వెళ్లిన కుటుంబాలు. సాయంత్రం షికారుకని పడవ ఎక్కారు. నీళ్లలో పడ్డవాళ్లలో చాలామందిని దగ్గర్లో వలలు లాగుతున్న జాలర్లు పైకి తీశారు. ఇద్దరు దక్కలేదు. ఒకరు రత్నరాజు, మేడ్చల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. రెండోది ఆయన పక్కింటి అమ్మాయి లావణ్య. ఇంటర్ చదువుతోంది.

మర్నాడు మా పత్రికలో పడింది ఇది: "సముద్రంలో మునుగుతున్న సూర్యుణ్ణి కెమెరాలో బంధించాలన్న ఉత్సాహంతో రత్నరాజు లేచి నిలబడి అందరినీ పిలవగా, ప్రయాణికులంతా ఒక్కసారిగా ఆ వైపుకు చేరడంతో పడవ ఒరిగింది." పైన శీర్షిక, "సరదా ప్రాణం తీసింది."

పొద్దున చదివినప్పుడు నాకు ఆ వాక్యంలో తప్పేమీ కనిపించలేదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగింది ఏమైనా ఉంటే అది అక్కడే ఉంది. నాది మేడ్చల్ దగ్గర గౌడవెల్లి. అప్పటికి నేను సముద్రం చూడలేదు. సినిమాల్లో చూశాను, క్యాలెండర్ల మీద చూశాను. క్యాలెండర్ మీద సూర్యుడు నీళ్లలోకే దిగుతాడు. కానీ మన కోస్తాకు సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు అందులోంచి లేస్తాడు, సాయంత్రానికి ఊళ్ల వెనక దిగుతాడు. అక్కడ పడవెక్కి పొద్దుగూకడం చూడాలంటే ముఖం ఒడ్డుకు తిప్పుకోవాలి. చిన్న తరగతుల భూగోళం చాలు ఇది తెలియడానికి. ఆ వార్త ఎంతమంది కళ్ల ముందు నుంచి పోయిందో, ఒక్కరికీ తట్టలేదు.

కవరు, ఫొటో

నేను మేడ్చల్, శామీర్‌పేట వైపు వార్తలు రాసి బతికినవాణ్ణి. తొంభైల్లో వార్తలన్నీ ఒక కవర్లో పెట్టి, మధ్యాహ్నం సిటీకి పోయే బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాణ్ణి. బస్టాండులో ఆఫీసు మనిషి అందుకునేవాడు. ఒక్కోసారి అందుకోవడం మరిచిపోతే కవరు అదే బస్సులో సాయంత్రానికి తిరిగి వచ్చేది. "నీ వార్త సిటీ అంత చూసొచ్చిందే నర్సింహా, మస్తు ఖుషీగున్నది" అని కండక్టరు నా చేతిలో పెట్టేవాడు. తర్వాత ఫ్యాక్సు వచ్చింది, సెల్ ఫోన్లు వచ్చాయి. పని మాత్రం అదే.

ఆ పనిలో సగం ఫొటోలు అడగడం. ఎవరైనా పోయారంటే ముందు వాళ్లింటికి వెళ్లి ఫొటో తేవాలి. ఏడుస్తున్న వాళ్ల మధ్య చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని నిలబడి, ఎవరో ఒకరు తలెత్తేదాకా ఆగాలి. కొందరు గోడ మీది పటం దించి ఇస్తారు. కొందరు పెళ్లి గుంపు ఫొటో తెచ్చి వేలు పెట్టి చూపిస్తారు. తిరిగి ఇస్తామని చెప్తాం, చాలాసార్లు ఇవ్వం. నేను చేరినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. విలేకరి అంటే సభల్లో ముందు వరుస కుర్చీ అనుకుని వచ్చాను.

ఇంకో అలవాటు శీర్షికలు. మా దిక్కున చెరువుల్లో ప్రతి సెలవుల సీజన్లో సిటీ పిల్లలు మునిగేవాళ్లు. ఎండాకాలంలో లారీల వాళ్లు చెరువులో మట్టి తవ్వుకుపోతారు. వానలు పడ్డాక ఆ గుంతలు నీళ్ల కింద కనపడవు. మోకాటి లోతు అనుకుని నడిచిన పిల్లవాడు రెండో అడుగులో లేకుండా పోతాడు. ఆ గుంతల గురించి నేను రాసిన సందర్భాలున్నాయి. అచ్చులో మాత్రం "సరదా ప్రాణం తీసింది" అనే వచ్చేది. "విహారంలో విషాదం" అనీ వచ్చేది. ఆ శీర్షికలు సిటీ ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కులో ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి, వంటింట్లో ఉప్పు డబ్బా లాగా. సరదా అన్నాక ఇక లారీ కనిపించదు. తప్పంతా పోయినవాడి మీదే పడుతుంది, వాడు వచ్చి కాదనడు.

డెస్కు ఇన్‌ఛార్జి శేషగిరి గారు. చెడ్డవారు కాదు. నాకు వాక్యం రాయడం నేర్పింది ఆయనే. మొదట్లో నేను పంపిన ఒక వార్త చదివి ఫోన్ చేసి, "ఏమోయ్, చెరువు నిండా నీళ్లు పోశావు, వాన కురిపించావు, మబ్బులు కూడా పెట్టావు. చచ్చినవాడి పేరెక్కడ?" అన్నారు. అంత నిక్కచ్చి మనిషి. కానీ పేజీ కట్టే సమయం దగ్గర పడితే ఆయనలో ఇంకో మనిషి లేచేవాడు. "కొంచెం రంగు పడాలోయ్" అనేవాడు ఆ మనిషి.

ఆ సాయంత్రం

బహదూర్‌పల్లి వైపు అప్పుడప్పుడే కాలనీలు లేస్తున్న రోజులు. ఆ కాలనీలో ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగస్తులు. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం చేద్దామని బస్సు మాట్లాడుకుని బయల్దేరారు. రత్నరాజుది క్రైస్తవ కుటుంబం, అల్వాల్ చర్చికి వెళ్తారు. స్నానం సంగతి ఎలా ఉన్నా సముద్రం అందరిదీ కదా అని పక్కింటివాళ్లు పిలిస్తే, భార్య సుశీలతో కలిసి వెళ్లాడు. సుశీల అల్వాల్‌లో ఒక బడిలో టీచరు.

సముద్రం పక్క ఆ చిన్న ఊరి నుంచి అక్కడి విలేకరి పంపిన ఫ్యాక్సులో మూడు నాలుగు వాక్యాలే ఉన్నాయి. పడవ ఒరిగింది, ఇద్దరు మృతి, హైదరాబాద్ వాసులు, పేర్లు. శేషగిరి గారు నాకు ఫోన్ చేశారు. "మీ పక్కవాళ్లేనోయ్. ఫొటో, నాలుగు ముక్కలు పట్టుకురా. పేజీ ఆపాను."

రత్నరాజు తల్లి ప్రయాణం చేయలేక ఇంట్లోనే ఉండిపోయింది. నేను వెళ్లేసరికి చర్చి నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఆమెకు చెరో పక్కన కూర్చున్నారు. కబురు తెలిసిపోయింది. ఆమె ఏడవడం లేదు. నేను ఫొటో అని అడిగితే తనే లేచి అల్మారా తీసింది.

"గిది తీస్కో బిడ్డా. గిండ్ల నవ్విండు" అంది. "ఫొటోలంటే పానం నా కొడుక్కు. పొద్దుగూకే యాళ్ల సముద్రం ఎట్లుంటదో ఫొటో తీస్కొస్త అమ్మా, నువ్వు ఇంట్ల కూసోనే చూడొచ్చు అన్నడు."

ఫొటోను సిటీకి పోయే బస్సులో పంపి, నేను కాలనీ బయట ఎస్టీడీ బూత్ నుంచి ఆ మాటను ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. పొద్దుగూకే ఫొటో తీసి తల్లికి చూపిస్తానన్నాడని. శేషగిరి గారు "బాగుందోయ్" అన్నారు. అక్కడి ఫ్యాక్సునూ ఇక్కడి తల్లి మాటనూ కలిపి కుట్టారు. మధ్యలో చిరుగు కనబడకుండా ఒక వాక్యం వేశారు. లేచి నిలబడి అందరినీ పిలవగా అన్నది ఆ కుట్టే. చెప్పినవాళ్లు లేరు, చూసినవాళ్లు లేరు.

సుశీల వచ్చింది

సమాధి కార్యక్రమం అయ్యాక కొన్నాళ్లకు సుశీల మేడ్చల్ వచ్చింది. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో విలేకరులం కూర్చునే బల్ల ఒకటుండేది. అక్కడికి వెతుక్కుంటూ వచ్చి, నా పేరు అడిగి, ఎదురుగా కూర్చుంది. మిగతావాళ్లు చాయ్ గ్లాసులు తీసుకుని వేరే బల్లకు పోయారు.

"నర్సింహన్నా, మీరేనా రాసింది?"

"ఫొటో తెచ్చింది నేనే అమ్మా. మీ అత్తమ్మ చెప్పింది పంపిన. ఆ లైను నేను రాయలే."

"ఎవరు రాసిన్రో నాకెందుకు. పేపర్ల పడ్డది." కాసేపు బల్ల మీది నీటి మరకను వేలితో తుడిచింది. "సూర్యుడు సముద్రం దిక్కు లేడన్నా. ఒడ్డు దిక్కు ఉన్నడు. పడవ సముద్రం దిక్కు ఒరిగింది. మరి సూర్యుణ్ణి చూడనీకి లేస్తే అటెట్ల ఒరుగుతది?"

అప్పుడు మొదటిసారి ఆ పడవను మనసులో దిక్కులతో సహా చూశాను.

"ఇంకోటి చెప్త. ఆయన లేచి నిలబడనే లేదు. పడవెక్కిన కాడి నుంచి వాంతులే. సంచి ఒళ్లో పెట్టుకొని దాని మీద తల ఆనించిండు. కెమెరా నా మెడల ఉన్నది. ఇంకేం పిలుస్తడు అందర్ని?"

"మరి జనం అటు ఎందుకు జరిగిన్రమ్మా?"

"చంద్రుడు. పున్నమి గదా. ఇటు సూర్యుడు దిగుతుంటే అటు నీళ్లల్లకెళ్లి చంద్రుడు లేచిండు. ఎర్రగ, ఇంత పెద్దగ. అందరం అటు చూసినం. నేను గూడ లేచిన."

"ఎవరన్న పిలిచిన్రా?"

ఆమె హ్యాండ్‌బ్యాగు గొళ్లెం పెట్టి తీసి, మళ్లీ పెట్టింది. "అది వద్దన్నా. నేను వచ్చింది ఇంకొకరి పేరు రాయించనీకి కాదు. మా ఆయన పేరు తీయించనీకి."

ఎందుకంత పట్టుదలో తర్వాత చెప్పింది. లావణ్య రోజూ సాయంత్రం వీళ్లింట్లోనే కూర్చుని ఇంగ్లిష్ చదువుకునేది. రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. పేపరు వచ్చిన తర్వాత లావణ్య తల్లి కామేశ్వరి గారు గేటు దగ్గర సుశీలను ఆపి, "మీ ఆయన సరదాకి మా పిల్ల పోయిందండి" అన్నది. సరదా. అది మా శీర్షికలోని మాట. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి మాటల్లేవు. కాలనీలో వేరేవాళ్లూ సుశీలను చూస్తే పక్కకు తిరుగుతున్నారు.

"మా అత్తమ్మకు చదువు రాదు" అంది లేస్తూ. "కొడుకు ఫొటో పడ్డదని ఆ పేపరు దాచుకున్నది. వచ్చినోళ్లకల్ల చూపిస్తది. అందుల ఏమున్నదో నేను చదివి చెప్పలే."

బొంబాయి సముద్రం

నేను సిటీ ఆఫీసుకు వెళ్లాను. శేషగిరి గారు చెప్పింది విని కళ్లజోడు తీశారు.

"సముద్రంలో మునగడమేమిటయ్యా, నేను చూశాను. పెళ్లయిన కొత్తలో మా ఆవిడా నేనూ బొంబాయి వెళ్లాం. నా కళ్ల ముందే మునిగాడు."

"బొంబాయికి సముద్రం పడమట ఉంది సార్."

ఆయన కాసేపు గోడ మీది రాష్ట్ర పటం వైపు చూశారు. తర్వాత చిన్నగా నవ్వారు. ఆ నవ్వు నామీద కాదు. "ఇరవై ఏళ్లుగా అదే సముద్రం అనుకుంటున్నాను" అన్నారు.

సవరణ వేద్దామన్నాను. అక్కడ మళ్లీ నిక్కచ్చి మనిషి లేచాడు. "వేద్దాం. అతను పిలవలేదు అని వేస్తే, మరి పడవ ఎందుకు ఒరిగింది అని అడుగుతారు. ఏం చెప్తావు? చంద్రుడు అని భార్య చెప్పింది. భార్య చెబితే భర్తను కాపాడుకోవడానికి అంటారు. పడవలో ఉన్న ఇంకో మనిషితో చెప్పించు. ఒక్కరు చాలు. మొదటి పేజీలో వేస్తాను."

ఆ మాటకు వంక పెట్టలేం. తప్పు రాయడానికి సాక్షి అవసరం రాలేదు. దాన్ని దిద్దడానికి మాత్రం కావలసి వచ్చింది. మా వృత్తిలో ఇది ఇంతే. ఎక్కడ చూసినా ఇంతేనేమో, నాకు తెలిసింది మాది.

కాలనీకి వెళ్లి ఆ బస్సులో వెళ్లినవాళ్లను ఒక్కొక్కరినే అడిగాను. పడవలో జనాన్ని కిక్కిరిసి ఎక్కించారని అందరూ చెప్పారు. తడిస్తే కంపు కొడతాయని లైఫ్ జాకెట్లు మూట కట్టి బల్ల కింద తోశారనీ చెప్పారు. అటు ఎందుకు జరిగారు అని అడగగానే మాట ఆగిపోయేది. గోడ పక్క ఇంటి వైపు ఒకసారి చూసి, "అయిపోయిందేదో అయిపోయింది కదండీ" అనేవాళ్లు. వాళ్లు చూస్తున్నది రత్నరాజు ఇంటి వైపు కాదు, లావణ్య ఇంటి వైపు.

పక్కింటాయన

లావణ్య తండ్రి సుబ్బారావు గారు ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. నేను వెళ్లేసరికి వరండాలో ఒక్కరే కూర్చున్నారు. "రండి" అన్నారు. లోపలికి వినబడేలా "కాఫీ" అన్నారు. కామేశ్వరి గారు తెచ్చి పెట్టి, నా ముఖం చూడకుండా లోపలికి పోయారు.

"మీది సముద్రం పక్క ఊరేనంట గద సార్."

"బందరు దగ్గరండి. గాలి ఇటు తిరిగితే మా అరుగు మీదకి హోరు వినపడేది."

"అయితే పేపర్ల పడ్డది తప్పని మీకు ఆ పొద్దే తెల్సు."

ఆయన నన్ను నిదానంగా చూశారు. "తెలుసండి. మా సముద్రంలో సూర్యుడు మునగడు."

"మరి అమ్మగారితోని చెప్పలేదా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన గొంతు తగ్గించారు. "పేపర్లో వేశారు కదండీ."

నేనేమీ అనలేదు. ఈ పనిలో ఒకటి నేర్చుకున్నాను. ప్రశ్న వేశాక నోరు మూసుకుని ఉంటే, అవతలివాళ్లు అడగనిది కూడా చెప్తారు. అది విద్య అనుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం అలా మౌనంగా కూర్చోవడం నాకే బాగా అనిపించలేదు.

"ఈ పిల్లలంతా ఇక్కడే పుట్టారండి" అన్నారాయన. "చంద్రుడు నీళ్లలోంచి లేవడం ఒక్కరూ చూడలేదు. పున్నమి కలిసొచ్చేట్టు నేనే రోజు చూసి, నేనే బస్సు మాట్లాడాను. దారి పొడుగునా అడుగుతూనే ఉంది. ఎంతుంటాడు నాన్నా, పళ్లెమంత ఉంటాడా, చాటంత ఉంటాడా అని. నువ్వే చూద్దువుగాని అన్నాను."

అక్కడ ఆగారు. సుశీల వద్దన్న పేరు ఎవరిదో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన పిలిచారా, పిలవకుండానే అందరూ లేచారా, అది మాత్రం ఆయన నోట రాలేదు. నేనూ అడగలేదు.

"సార్" అన్నాను, "జనం పడవెక్కేదే చూడనీకి. ఎవరు పిలిచినా, ఎవరూ పిలువకున్నా, చంద్రుడు లేస్తే అటే జరుగుతరు. గంతమాత్రానికే ఒరిగే పడవల అంతమందిని కుక్కినోనిది తప్పు. జాకెట్లు మూట గట్టినోనిది తప్పు. చూసినోళ్లది కాదు."

"ఆ మాట రాస్తారా మీరు?"

"రాస్త. అందరం చంద్రుణ్ణి చూడనీకి లేచినం, రత్నరాజు కూసోనే ఉన్నడు అని మీరొక్క మాట చెప్పుండ్రి. ఇంకేం వద్దు."

ఆయన చాలాసేపు గోడ వైపు చూశారు. అవతల రత్నరాజు తల్లి ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది, గొంతు వినబడుతోంది. సుబ్బారావు గారు ఒకసారి నోరు తెరిచారు. లోపల గుమ్మం దగ్గర కామేశ్వరి గారి చీర కుచ్చెళ్లు కనిపించాయి. ఆమె అక్కడే నిలబడి ఉంది.

"కాఫీ చల్లారిపోతోందండి" అన్నారాయన.

తాగి లేచాను. గేటు దాకా వచ్చారు. అక్కడ నా చెయ్యి పట్టుకుని, ఏదో చెప్పబోయి, "జాగ్రత్తగా వెళ్లండి, రోడ్డు బాగాలేదు" అన్నారు.

మిగిలింది

రత్నరాజు పేరు తీసి, చంద్రుణ్ణీ మూటకట్టిన జాకెట్లనూ పెట్టి నేనొక వార్త రాసి పంపాను. సాక్షి లేడని శేషగిరి గారు ఆపారు. ఆపినందుకు ఆయన మీద నాకు కోపం రాలేదు, అదే నన్ను ఎక్కువగా అలసిపోయేలా చేస్తుంది. కోపం వచ్చి ఉంటే కొన్నాళ్లకు పోయేది. ఆయన రిటైరయ్యే రోజున అందరూ ప్రసంగాలు చేశాక నన్ను పక్కకు పిలిచి, "ఆ సముద్రం సంగతి ఏమైందోయ్?" అన్నారు. ఏం కాలేదు సార్ అన్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది పెద్దదేమీ కాదు. ప్రమాదం రాసేటప్పుడు ఎటు వైపు అని అడగండి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎండ ఎటు ఉంది, రోడ్డు ఎటు వంగింది. దిక్కు అడిగితే చాలా అబద్ధాలు వాటంతటవే రాలిపోతాయి. తల్లి చెప్పిన ముద్దు మాటను కారణంగా మార్చకండి. సరదా అనే మాట చేతికి వస్తే కిందపెట్టండి. ఇవి పాటించినా మీ వార్తలో ఎవరో ఒకరు ఏదో ఒకటి కుట్టేస్తారు, అది పైన మీ ఊరి పేరు వేసుకునే అచ్చవుతుంది. అప్పుడు వెతుక్కుంటూ వచ్చిన మనిషికి ఎదురుగా కూర్చోవడం కూడా ఈ ఉద్యోగంలోనిదే.

సుశీల తర్వాత ఆ ఇల్లు అమ్మి అల్వాల్‌లో చర్చి దగ్గరికి మారింది. అత్తగారు పోయినప్పుడు నేను వెళ్లాను. ఎవరూ నన్ను ఫొటో అడగమనలేదు. సుబ్బారావు గారు కూడా వచ్చి గేటు బయట నిలబడ్డారు. లోపలికి రమ్మని సుశీల రెండుసార్లు మనిషిని పంపింది. ఆయన శవపెట్టె కదిలేదాకా అక్కడే ఉండి, దాని వెనక కొంత దూరం నడిచి, వెళ్లిపోయారు. ఇద్దరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు.

సముద్రం పక్క ఊళ్లో ప్రమాదం మీద విచారణ జరిపిన అధికారికి పడవ యజమాని మా పత్రిక ముక్కనే చూపించుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ ఊరి పేరు రాయడం లేదు. పడవలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, సాయంత్రం షికారుకే గిరాకీ ఎక్కువట. కారణం దగ్గర, రత్నరాజు పిలవడంతో ప్రయాణికులు సముద్రంలో సూర్యాస్తమయం చూసేందుకు ఒకే పక్కకు చేరడం వల్ల అని నివేదికలో రాశారు. దాన్ని మార్చమని సుశీల అర్జీ పెట్టుకుంది. పడవలో ఉన్న మరొకరి వాంగ్మూలం జత చేయమని జవాబు వచ్చింది. ఆ వాంగ్మూలం ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. ప్రభుత్వం దగ్గరున్న కాగితం ప్రకారం ఆ కార్తీక పౌర్ణమి సాయంత్రం సూర్యుడు బంగాళాఖాతంలోనే మునిగాడు.